పై గుండీ

గుమ్మం బయట బడి వ్యాను హారన్ కొడుతోంది. బుద్ధి నిదానంగా ఎదుగుతున్న పన్నెండేళ్ళ కూతురు గదిలో చొక్కా గుండీలతో కుస్తీ పడుతోంది. తలుపు దగ్గర తల్లీతండ్రీ నిలబడ్డారు.

"వ్యాను వెళ్ళిపోతుందే! నేను పెట్టేస్తాను, క్షణంలో పని."

"ఈ క్షణం కోసం జన్మంతా మీరే పెడతారా? కదలకండి."

"పాపం, గుండీ వేళ్ళలోంచి జారిపోతోంది."

"జారనివ్వండి. మిమ్మల్ని పిలిచిందా?"

"లేదు. కానీ ఇందాక దువ్వెన ఇచ్చే వంకతో పై గుండీ పెట్టేశాను. అది గమనించలేదులే."

"గమనించకేం! అటు చూడండి."

"అయ్యో, నేను పెట్టింది విప్పేస్తోందేంటి?"

"మళ్ళీ తనే పెట్టుకుంటోంది."

"అబ్బ, మొండిఘటం! నేను పెట్టానని పట్టేసింది, చూశావా? మరి నేనేం చెయ్యను?"

"మీరు వెళ్ళి వ్యాను ఆపండి."