వల్లకాట్లో వదలని సబ్బు

మాలకొండయ్యకి సబ్బు సంగతి తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవడికీ తెలీదు. మంగలి మాలకొండయ్య, మీ నాయనలకి గెడ్డాలు గీసినోడే. ఎవరన్నా సబ్బు ఇస్తే ముందు వాసన చూసేవాడంట, తర్వాత రెండు వేళ్ళ మధ్య నురగ తీసి దీపానికి పట్టినట్టు ఎండకి పట్టి చూసేవాడంట. కొట్లో కడ్డీ కోసి అమ్మే పచ్చసబ్బు ఉండేది చూడండి, బట్టల సబ్బుకి తమ్ముడనుకోండి, దాని నురగ చెంపకి పెట్టి కత్తి నూరేలోపల ఆరిపోయేది, వాసనా చాకిరేవు వాసనే. సంతలో నిమ్మవాసన బిళ్ళ దొరికేది. అది నురగ బాగానే ఇచ్చేది గానీ, గీశాక చెంప చురచురమనేది, పటిక రాయి రుద్దమని రైతులు ఒకటే గోల. ఇక మూడోది గంధం సబ్బు, మద్రాసు నుంచి రావాల. దాని నురగ మీగడ కట్టినట్టు కట్టుద్ది, బీడీ కాల్చుకొచ్చినా అట్టాగే ఉంటది అని చెప్పేవాడంట పెళ్ళాం రవణమ్మకి. మరి కొనగూడదా అంటే, పచ్చసబ్బు ఏడాది వచ్చే డబ్బు పెడితే ఆ బిళ్ళ ఒకటి వస్తదే, మనకెందుకులే అనేవాడంట.

ఏమైందంటే, ఆ ఏడే రోడ్డు మీద బస్సాగే చోట ఒకడు షాపు పెట్టాడు. కుర్చీ, ఇంతెత్తు అద్దం, వాసన సబ్బు. ఇంకేముంది, కుర్రోళ్ళంతా అటు నడిచారు. తర్వాత పెద్దోళ్ళూ నడిచారు. మాలకొండయ్య వేపచెట్టు కింద కత్తులూ గిన్నే ఉండే పొది ముందు పెట్టుకుని కూచోడం, మధ్యాన్నం దాకా చూసి ఇంటికి రావడం. రవణమ్మ ఏమయ్యా ఇయ్యాల ఎంతమంది అని అడగడం కూడా మానేసింది, పాపం, అడిగితే ఆయన అన్నం సరిగా తినేవాడు కాదంట.

అట్టాంటప్పుడు రాఘవులు నాయుడు పోయాడు. ఆర్నెల్లు మంచంలో ఉండి పోయాడు. ఆయన కొడుకు హనుమంతు, నాయన ఇష్టపడతాడని మద్రాసు నుంచి గంధం సబ్బు తెచ్చి పెట్టాడంట. ఆ ముసలాయనేమో, బాగయ్యాక గీయించుకుంటాలేరా, మంచంలో ఎందుకు పాడుచేయడం అని పెట్టెలో దాయించాడు. దాయించిందాన్ని దాయించినట్టే వదిలి పోయాడు. శవానికి స్నానం చేయించే ముందు గెడ్డం గీయాలిగా, హనుమంతు ఆ కొత్త సబ్బు తెచ్చి మాలకొండయ్య చేతిలో పెట్టి, దీంతో గియ్యి మాలకొండయ్యా అన్నాడంట. మొదటి నురగ చచ్చినోడి చెంప మీదే లేచింది. ఎట్టా లేచిందనుకున్నారు, వాకిలంతా గంధం వాసనే. ఏడ్చేవాళ్ళు కూడా ఒక్క నిముషం ఆగారంట.

మన కట్టుబాటు మీకు తెలిసిందేగా. శవానికి వాడిన సబ్బూ, నురగ పెట్టిన కుచ్చూ మళ్ళీ ఇంటికి తేగూడదు, పాడె వెంట పోయి వల్లకాట్లో వదిలేసి వెనక్కి చూడకుండా రావాల. అందుకే అందరూ పచ్చసబ్బు ముక్క ఇచ్చి సరిపెడతారు. మాలకొండయ్య కుచ్చు వదిలాడు. సబ్బు వదలబోయాడు, చెయ్యి రాలా. ఒక్కసారి వాడిన బిళ్ళ, అక్షరాలు కూడా అరగలా. మట్టిలో వానకి కరిగిపోయేదేగా అనుకున్నాడంట. అనుకుని పంచె కొంగున ముడేశాడు.

రవణమ్మకి కూడా చెప్పలా. దాన్ని తన సత్తుగిన్నెలోకి అదిమి, వారం పోయాక చెట్టు కింద తీశాడు. ఆ వాసన వీధి చివరిదాకా పోయింది. ఒకడొచ్చాడు, వాడిని చూసి ఇంకొకడు. మద్రాసు సబ్బు ఎక్కడిదయ్యా అంటే మా బావమరిది పంపాడనేవాడు. షాపు మొహం చూడకుండా మనోళ్ళంతా తిరిగొచ్చారు. ఒక కుర్రోణ్ణి పెళ్ళికొడుకుని చేసేటప్పుడు కూడా ఆ నురగే పెట్టాడు. రవణమ్మ ఎన్నాళ్ళకో చేపల పులుసు వండిందంట.

మూడు నెలలయింది. హనుమంతు మూడో మాసికం అయిందాకా గెడ్డానికి కత్తి తగలనియ్యనని ఉండె, అది అయ్యాక వచ్చి కూచున్నాడు. చుట్టూ ఆరేడుగురం ఉన్నాం. మాలకొండయ్య పొదిలో ఊరికే వెతికాడు గానీ, ఆయన దగ్గర వేరే సబ్బు లేదు, లేదని చెబితే అందరూ నవ్వుతారు. నురగ పెట్టాడు. హనుమంతు కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళ నుంచి నీళ్ళు కారి నురగలో కలిసినయ్యి. "ఇది మా నాయన వాసన" అన్నాడు. మాలకొండయ్య కత్తి కింద పెట్టి, అయ్యా తప్పయిపోయింది, వదల్లేకపోయా అన్నాడు. "సగంలో ఆపమాక, గియ్యి" అన్నాడు హనుమంతు. కోపం లేదు ఆయన గొంతులో. నేను విన్నా కాబట్టి చెబుతున్నా.

కానీ చుట్టూ ఉన్నోళ్ళం ఏం చేశామంటే, ఎవడి చెంప వాడు తడుముకున్నాం. చచ్చినోడి సబ్బు మూణ్ణెల్లు మొహాన పూసుకున్నామని తెలిసింది కదా. ఎవడికీ ఏమీ కాలా, ఆ పెళ్ళికొడుక్కి ఇద్దరు మగపిల్లలు పుట్టారు కూడా. అయినా ఆ రోజు నుంచి చెట్టు కిందకి ఎవడూ పోలా. చావుకి మాత్రం పిలిచేవాళ్ళు, ఎందుకంటే షాపువాడు శవాన్ని ముట్టడు.

హనుమంతు ఒక్కడే వచ్చేవాడు, వారానికోసారి. ఇంకా ఉందా మాలకొండయ్యా అని అడిగేవాడంట. ఉందయ్యా, కొంచెం ఉంది అనేవాడు ఈయన. కుచ్చు తడిపీ తడపనట్టు తడిపి, పొదుపుగా వాడి, అట్టా ఇంకో నాలుగు నెలలు లాక్కొచ్చాడు. ఒకరోజు అయిపోయిందయ్యా అన్నాడు. హనుమంతు ఖాళీ గిన్నెలో వేలు పెట్టి తిప్పి, వాసన చూసుకుని, పచ్చసబ్బుతో గీయించుకుని పోయాడు. మద్రాసు పోయి అదే సబ్బు ఇంకోటి తెచ్చుకున్నాడని చెప్పుకున్నారు. అదేగానీ అది కాదు అన్నాడంట. ఆ తర్వాత ఆయనా చెట్టు కిందకి రాలా.

మాలకొండయ్య ఇంకో పదేళ్ళు బతికాడు. ఈ ఊళ్ళో పోయిన ప్రతివాడి గెడ్డమూ తీశాడు, సబ్బు వల్లకాట్లో వదిలి, రెండు చేతులూ మట్టితో రుద్దుకుని, అందరికీ చూపించి మరీ వచ్చేవాడు. ఆయన పోయిన రోజు రవణమ్మ నిమ్మబిళ్ళ ఒకటి కొనుక్కొచ్చి గుమ్మంలో కూచుంది, ఎవరన్నా వస్తారేమోనని. పక్కూరికి కబురు పెడితే వాళ్ళ మంగలి రాలా. షాపువాడు రాలా. మేం ఇరవై మందిమి వాకిట్లో నుంచున్నాం, చేతులున్నోళ్ళమే, కత్తి ఆయన పొదిలోనే ఉంది. ఎండ ఎక్కుతుందని ఎవరో అన్నారు. గెడ్డంతోనే తీసకపోయాం. నేనూ ఒక పక్క మోశాను, అది చెప్పుకోడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఇక లేవండి, పొద్దు పోయింది.