మీసం తీయించిన తాళం

ఆగు, ఆగాగు! గా కొబ్బరినూనె సీసా ఇటియ్యి ముందు. తాళంల కొబ్బరినూనె పోస్తరా ఎవరన్న? రెండు రోజులు మంచిగ తిరుగుతది, మూడో రోజుకు దుమ్మంత పట్టుకోని లోపట జిగురు జిగురైతది. నెత్తికి పెట్టే నూనె నెత్తికే పెట్టాలె. కూసో, గా పీట మీద కూసో వర్ణికా. ఊరికి పోతా, పెట్టెకు తాళమేస్తా అన్నవ్, పో, నేనేం కాళ్లకు అడ్డం పడ్తలేను. బస్సు మాపటికి కదా, ఇంక పదకొండన్న కాలే. నిన్న షూటింగ్‌ల మూడు టేకులు తప్పినందుకు ఇయ్యాల మూట కట్టుకోవాలంటే, బిడ్డ, ఈ కృష్ణానగర్‌ల ఒక్క రూము కిరాయికి పోకపోతుండె. గల్లీలకు గల్లీలు ఖాళీగనే ఉంటుండె. సరే, నీ ఇష్టం, నేనెవర్ని చెప్పనీకి, కింద ఇంట్ల ఉండే ముసల్దాన్ని. వేషాలిప్పిచ్చే బాలమణి అంటరు గని, తలరాతలు మార్చేదాన్ని గాదు. గీ తాళాన్ని మాత్రం గిట్ల పోనియ్య. ఎవల్ది ఇది, మీ తాతదా? చూసినవా, ఇత్తడిది, ఎంత బరువున్నదో. దీన్ని గింత మురికి పట్టిచ్చినవంటే నిన్ను తన్నాలె.

గా గూట్ల సీసా ఉన్నది చూడు, గ్యాసునూనె. రేషన్ల ఇచ్చుడు బందయి ఎన్నేండ్లాయెనో, నేను రెండు సీసాలు దాచిపెట్టిన. మా కోడలు వాసనొస్తుందని మొత్తుకుంటది, మొత్తుకోనీ. సాసర్ల పొయ్యి. చెవి పెట్టే సందు కిందికుండాలె, గిట్ల. పాత పండ్ల బ్రష్షు పట్టుకో, గా సందుల తోము. ఇగ చెవి పెట్టు, తియ్యి, పెట్టు, తియ్యి. జోరు చెయ్యకు, చెవి ఇరుగుతది. హా, వస్తున్నది చూసినవా నల్లగ, చాయ్ డికాషన్ లెక్క? గదంత మీ తాత కాలం దుమ్ము. నల్లగొచ్చినన్ని సార్లు నూనె మార్చాలె. మురికి వచ్చుడు బందైనంక ఎండల పెట్టాలె, ఎండినంక పెన్సిల్ ముల్లు గీకి గా పొడి లోపట ఊదాలె. అంతే. మల్ల లోపట నూనె పోసుడు లేదు. పైనున్న వంపు కమ్మికి మాత్రం కుట్టు మిషన్ నూనె ఒక్క బొట్టు. నాకెవరు నేర్పిండ్రంటవా? ఎవ్వరు నేర్పలే, చూసి నేర్సుకున్న. వీరరాఘవయ్య సారని ఉండె.

నీకు తెల్వదు, నువ్వు పుట్టకముందే పోయిండు. తెనాలి దిక్కు మనిషి. మద్రాసుల చేసి చేసి, సినిమావాళ్లతోటి పాటు గీడికొచ్చిండు, వెంగళరావు నగర్‌ల చిన్న ఇల్లు. సెట్టు మీద సామాను చూసుకునే పని. కుర్చీలు, కుండలు, గొడుగులు, ఏది కావాల్నంటే అది తెచ్చిపెట్టుడు. గని ఆయన పానమంత తాళాల మీదనే. గురువారం గురువారం జుమ్మేరాత్ బజార్‌కు పోయి తుప్పు పట్టిన తాళాలు ఏరుకొస్తుండె. జర మనసు పెట్టి విను, ఆయన పనితనం ఇది. సినిమాల పాత తాళం పాతగనే కనపడాలె, కాదా? పదేండ్ల నుంచి తియ్యని తలుపని కథల రాసుంటది. గని టేకుల హీరో చెవి పెట్టి తిప్పిండంటే టక్కున తెరుసుకోవాలె. అప్పుడు రీలు కదా, టేకు పోయిందంటే రీలు బుగ్గిపాలు. అందుకని ఆయన పైన తుప్పును ముట్టకపోతుండె, గోరు గూడ తగలనియ్యకపోతుండె. లోపట మాత్రం అద్దం లెక్క చేస్తుండె. చేసినంక వందసార్లు తిప్పి చూస్తుండె, నోట్ల నోట్ల లెక్కపెట్టుకుంట. ఇగ మీసముండె చూడు, ఇంత! రెండు దిక్కుల మెలేసి, "నా తాళం గనక టేకులో పట్టేస్తే మూతి మీద మీసం ఉంచుకోనండీ!" అంటుండె. డైరెక్టర్ల ముంగట గూడ అంటుండె. అందరు నవ్వుతుండిరి గని ఎన్నడు పట్టెయ్యలే, నిజం చెప్పాలె.

నేనప్పుడు భువనగిరి నుంచి వచ్చి రెండేండ్లు. గుంపుల నిలబడే వేషాలే. పెండ్లిల నిలబడు, సంతల నడువు, శవం పక్కన ఏడువు. మూతి కనపడ్తే పండుగ. గట్లుండంగ జూబ్లీహిల్స్‌ల ఒక బంగ్లాల షూటింగు, పనిమనిషి వేషం నాకిచ్చిండ్రు. డైలాగుతోటి! తాళం తీసుకుంట, "పదేళ్లయిందమ్మా ఈ తలుపు తీసి" అనాలె. నాలుగు మాటలు. వారం రోజులు అన్నం సయించలే నాకు. టేకు అనంగనే నా చేతులు చూడాలె బిడ్డ, మలేరియా వచ్చినట్టు. చెవి పెట్టిన, తిరగలే. రెండోసారి, తిరగలే. మూడోసారి చెవి కింద పడ్డది, మాట గూడ నోట్లనే పోయింది. డైరెక్టర్ కుర్చీల నుంచి లేసి, "ఈ అమ్మాయొద్దు, ఆ పక్కన నిలబడ్డ అమ్మాయికి చీర కట్టండి" అన్నడు. నా పానం పోయింది. అమ్మతోడు, నేను గూడ అనుకున్న, ఇగ మాపటికి భువనగిరి బస్సెక్కుడే అని. గంతలనే మన రాఘవయ్య సారు ఉరుక్కుంట వచ్చిండు. చేతులు జోడిచ్చి, "తప్పు నాదండీ. తాళం పట్టేసింది. లోపల తుప్పు నేను చూసుకోలేదు. ఆ పిల్లేం చేస్తుందండీ పాపం? పది నిమిషాలివ్వండి, శుభ్రం చేసి ఇస్తాను" అన్నడు. మేనేజర్ తిరుమలేశ్ అని ఉండె, వాని నోట్ల మన్నువడ, "ఏం రాఘవయ్యా, మరి మీసం సంగతేంది?" అన్నడు. "మాటంటే మాటేనండీ" అన్నడు ఈయన.

నన్ను బంగ్లా ఎనుక మెట్ల మీద కూసోబెట్టి, గిట్లనే సాసర్ల గ్యాసునూనె పోసి నా చేతికిచ్చిండు. "పట్టుకోండమ్మా, కిరసనాయిలు ఒలికిపోతుంది" అంటడు. పైన తుప్పు కదలకుండ తాళం సందు మాత్రమే ముంచి బ్రష్షుతోటి తోముడు వెట్టిండు. తోముకుంట తోముకుంట, మీ ఊళ్ళో వానలు పడ్డాయా అమ్మా, మీ ఇంట్లో ఎంతమందమ్మా, ఇగ ఇవే ముచ్చట్లు. మధ్యమధ్యల, "తుప్పు వదిలిందో లేదో ఓసారి తిప్పి చూడండమ్మా" అని చెవి నా చేతికిస్తడు. నేను తిప్పుతా. "ఇంకా బిగుతుగా ఉందా? మళ్ళీ చూడండి." మల్ల తిప్పుతా. ఇర్వైసార్లు తిప్పిచ్చిండో ముప్పైసార్లు తిప్పిచ్చిండో. "ఇప్పుడు తిప్పుతూ మీ ఊరి పేరు చెప్పండి." చెప్పిన. "ఇప్పుడు ఆ డైలాగు చెప్పండి." చెప్పిన. చేతులు ఎప్పుడు నిమ్మలపడ్డయో నాకే తెల్వదు. పోయి నాలుగో టేకుల నిలబడ్డ, టక్కున తెరుసుకున్నది, మాట గూడ మంచిగొచ్చింది. డైరెక్టర్, "చూశారా, తాళం బాగుచేస్తే ఎంత బాగా చేసిందో" అన్నడు. అందరు ఔనన్నరు. నేను గూడ ఔనన్న.

తెల్లారి సారు మీసం గొరుక్కోని వచ్చిండు. ముందుగాల ఎవరో కొత్తాయన అనుకున్నం. లైట్లు పట్టేటోళ్లు నవ్వుడు, మేకప్పోళ్లు నవ్వుడు. నేను గూడ నవ్విన వర్ణికా. కొంగు అడ్డం పెట్టుకోని మరీ నవ్విన. అంతటితోని అయిపోయిందా? అటెన్క ఎవరు కలిసినా, "నా మొదటి డైలాగుకు తాళం పట్టేసి పానం తీసిండు ముసలాయన" అని చెప్పుకుంట తిరిగిన. ఆయన ముంగటనే అన్న ఒకసారి. "అవునమ్మా, చెడ్డ తాళం" అని నవ్వి ఊకున్నడు.

తెలిసిందెప్పుడంటవా? ఆరేడేండ్లకు. అప్పటికి ఆయన పోయి ఏడాది. వానకాలంల నా రూము తాళం పట్టేసింది, ఆయన చేసినట్టు చేద్దామని సాసర్ల పోసి ముంచిన. నూనె నల్లగైంది, గిప్పుడు నీ ముంగట అయినట్టే. చూసి తాళం గట్లనే కింద పెట్టిన. ఎందుకనంటే ఆ పొద్దు మెట్ల మీద సాసరు పట్టుకున్నది నేనే కద. ఆ నూనె చివరిదాంక నీళ్ల లెక్కనే ఉండె. ఒక్క మురికి చుక్క రాలే. ఆ తాళానికి ఏం కాలేదు బిడ్డ. తిరగనిది నా చెయ్యి. కండ్లముంగట ఉన్నది అన్నేండ్లు కనపడలే నాకు. ఏడ్చిన, ఏడ్చి వెంగళరావు నగర్‌కు ఉరికిన. ఆయన భార్య రమామణమ్మ ముందు నన్ను గుర్తు గూడ పట్టలే. చెప్తే నవ్వింది. "అద్దం ముందు కూర్చుని మీసం గొరుగుతూ ఈల వేశారమ్మా ఆయన. మీకేమైనా పిచ్చెక్కిందా అంటే, ఓ పిల్ల నిలబడిందే, మీసం మళ్ళీ మొలుస్తుందిలే అన్నారు" అన్నది. మొలిచింది గూడనంట. ముందుకంటె ఒత్తుగ.

ఆ, చాలు, ఎండల పెట్టు. ఏంది, గట్ల చూస్తున్నవ్? నిన్న నువ్వు తప్పింది మాట రాక కాదు. రెండు రోజులు పై రూము నుంచి నీ డైలాగు విని విని నాకే నోటికొచ్చింది, "డాక్టర్ గారు ఇంకా రాలేదండీ, మీరు కూర్చోండి". మా కోడలు కుక్కర్ దించుకుంట అదే అంటున్నది. భయపడ్డవ్, అంతే. అందుకని పొద్దుగాల శ్రీకాంత్‌కు ఫోన్ చేసిన, నిన్న డైరెక్టర్ పక్కన కాగితాలు పట్టుకోని తిరిగిండు కదా, ఆ పిలగానికి. "డైలాగు నువ్వు ముందే పంపినవ్ నాయనా, నేనే మర్చిపోయి ఆ పిల్లకు నిన్న పొద్దుగాల ఆటో ఎక్కేటప్పుడు ఇచ్చిన, తప్పు నాది" అన్న. ముప్పై ఏండ్లల్ల బాలమణి పంపిన పిల్ల మాట నేర్వకుండ వచ్చిందన్న పేరు లేకుండె. నమ్మిండు. "ఏంది బాలమణక్కా, ముసల్దానివైపోయినవ్, యాదిమరుపు మొదలైంది, ఇగ ఇంట్ల కూసోరాదు" అన్నడు. అంటే అననీ. రేపు తొమ్మిదింటికి ఫిల్మ్‌నగర్‌ల మల్ల తీస్తరంట, నిన్ను పంపుమన్నడు. ఏడువకు. ఏడిస్తే రేపు మొఖం ఉబ్బుతది, మేకప్పోడు నన్ను తిడ్తడు. పోతవో ఉంటవో నువ్వే సోంచాయించు, నేను చెప్ప... గా సాసరు అట్ల పెట్టకు, పిల్లి మూతి పెడ్తది. పారబోసి చేతులు కడుక్కోని రా. వంకాయ కూర చేసిన, తిందువు.