కాలు జారింది

1963 ఎండాకాలం. వసంతమ్మ శవాన్ని బావిలోంచి తీసిన మూడో రోజు, ఆమె తల్లి భూమవ్వను కోటగిరి ఠాణాకు పిలిపించాడు జమేదారు ఇషాక్.

"కాలు జారింది సారూ. నీళ్లకు వొయ్యి బాయిల పడ్డది."

"నీళ్లల్ల పడ్డోళ్లు ఏది అందితే అది పట్టుకుంటరు, భూమవ్వా. గడ్డో, మట్టో. నీ బిడ్డ పిడికిట్ల ఏం లేదు."

"భయానికే పానం వొయ్యిందేమో."

"ముక్కుకాడ నురుగు లేదు. డాక్టర్ సాబు కోసి చూసిండు, ఊపిరితిత్తులల్ల నీళ్లు లేవు. చచ్చినంకనే బాయిల ఏసిండ్రు."

"గవన్ని నాకు చెప్పకు సారూ."

"ఇను. మెడమీద తాడు గుర్తున్నది. ఉరివెట్టుకుంటే గుర్తు చెవుల దిక్కు ఎక్కుతది. గిది సాపుగ సుట్టూ ఉన్నది. ఎనకకెల్లి గుంజిండ్రు."

"పుస్తెలతాడు గట్టిగుండె దానికి."

"పుస్తెలతాడుకు నాలిక బయటికొస్తదా?"

"నాకెర్క లేదు సారూ."

"నీ అల్లుడు సాయన్నను తెచ్చి కూసోవెట్టిన. నోరిప్పుతలేడు. పోయినేడు ఆడు కొట్టిండని నువ్వే ఈడికొచ్చి ఏడిస్తివి గద?"

"అప్పుడు ఏడ్సిన. గిప్పుడు కాలు జారింది."

"ఎవరికి భయపడుతున్నవ్?"

"ఎవలకు లేదు."

"ఇంకోటున్నది. వసంతమ్మ గోర్లు మాంసం దాక కోసిండ్రు. చర్మం తెగింది, నెత్తురు మాత్రం రాలే. పానమున్న ఏలైతే నెత్తురొస్తది. అంటే చచ్చినంక కోసిండ్రు. సాయన్ననేనా?"

"కాదు."

"మరెవరు?"

"నేనే. బిలేడుతోని. బాయిలకెల్లి తీసినంక, మీరు రాకముందు."

"నువ్వా?"

"గోర్ల సందుల తోలు ఇరికింది సారూ. ఒక్కొక్క ఏలు పట్టుకొని కోసిన. కట్టెలెక్క బిగుసుకున్నయ్."

"కన్నబిడ్డను చంపినోని తోలు నీ చేతులతోని తీసి పారేస్తివా? గా సాయన్న కోసమా?"

"ఆని పెయ్యిమీద ఒక్క గీరు లేదు. అంగి ఇప్పి సూస్కో."

"చూసిన. లేదు. గందుకే నిన్ను పిలిచిన. ఆ తోలు ఎవరిది?"

"నీళ్లియ్యి సారూ."

"ఎవరిదని అడుగుతున్న."

"నాకు ఇద్దరే బిడ్డలు. అక్కకు తోడుండు బిడ్డా అని చిన్నదాన్ని గా సాయన్న ఇంటికి నేనే తోలిన... దాని చెంపమీద నాలుగు గీర్లున్నయ్ సారూ."