సున్నా ఏళ్ల ముసలిది

దిక్కులేని కుక్కల ఆశ్రమానికి కంప్యూటర్ ప్రోగ్రాము రాసిచ్చిన అమ్మాయి, అక్కణ్ణుంచి కుక్కను తెచ్చుకున్న పెద్దాయన గుమ్మంలో చెప్పులు విప్పుతూనే సంజాయిషీ మొదలుపెట్టింది.

“తప్పు నాదేనండీ. వయసు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. డేటాబేసులోకి ఎక్కించేటప్పుడు నా ప్రోగ్రాము అక్కడ సున్నా వేసేసింది.”

“అదా సంగతి! జాబితాలో వయసు సున్నా అని చూసి, పసికూన అనుకుని పాలసీసా కూడా పట్టుకెళ్లాను. తీరా చూస్తే మూతి నెరిసిన ఈ ముసలమ్మ!”

“మరి వదిలేసి రాకపోయారా?”

“వెనక్కి తిరిగానమ్మా. పాల వాసన పసిగట్టి గేటు దాకా కుంటుకుంటూ వచ్చింది. ఇక నా కాలు కదిలితేనా?”

అమ్మాయికి నవ్వొచ్చింది. ఆయన కుర్చీ కింద కుక్క గురక పెడుతోంది.

“ఇప్పుడు సరిచేశానండీ. తెలియనిది ఖాళీగానే ఉంటుంది. మీకు కుక్కపిల్లే కావాలంటే ఆశ్రమంవాళ్లు మార్చి ఇస్తామన్నారు.”

“మార్చడమా? ముసలిదని ముందే తెలిస్తే గడప దాటేవాణ్నే కాదు. నీ తప్పు పుణ్యమా అని, ఇంట్లో నాతోపాటు తెల్లారకముందే లేచే ప్రాణి ఒకటి ఉంది. నీ చెయ్యి చల్లనిదమ్మా.”

“డాక్టరుగారు పళ్లు చూసి వయసు చెబుతారట. ఎక్కించమంటారా?”

“వద్దు, ఖాళీగానే ఉంచు. నా వయసు అది అడగలేదు. దాని వయసు నాకెందుకు?”