సాంబ్రాణి వేసిన గది

రుత్విక్, నువ్వు నమ్మవు, బెట్. నమ్మితే నా ఎయిర్‌పాడ్స్ నీకే. నీ రూమ్ డోర్ లాక్ అయింది, కీ లేదు, లోపల ఛార్జర్ ఉండిపోయింది అని ఏడుస్తున్నావ్ కదా, సేమ్ లాక్‌రా షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో. మాకు లోపల ఉండిపోయింది ఛార్జర్ కాదు, మా నానమ్మ. బాలమణి నానమ్మ, డాడీ వాళ్ళమ్మ. మీరు అమెరికా రాకముందే పోయిందిలే, నీకు తెలీదు. ఆవిడకి శుక్రవారం వస్తే ఇంట్లో సాంబ్రాణి పొగ వెయ్యాల్సిందే. అగరబత్తి ఇస్తే "ఇదేం పొగే, దోమకి కూడా చాలదు" అనేది. నిప్పులే కావాలి. ఇక్కడ కొబ్బరి చిప్పలు కాల్చేదెవరు, అందుకని డాడీ బార్బెక్యూ బ్యాగ్‌లోంచి బొగ్గులు తీసేది. "దీనికి మాంసం తగల్లేదు కదే?" అంటే నేను "కొత్త బ్యాగ్ నానమ్మా, ప్యూర్ వెజ్" అని కోతలు కోసేదాన్ని lol. పొగ లేవగానే పై హాల్లో స్మోక్ అలారం కుయ్యోమనేది, అమ్మ మీటింగ్‌లోంచి "అత్తయ్యా ప్లీజ్!" అని అరిచేది.

అందుకని ఆ శుక్రవారం ఏం చేసిందో తెలుసా? అమ్మానాన్న ఆఫీస్‌కి పోయారు. నిప్పుల కుంపటి మేడ మీద తన రూమ్‌లో పెట్టుకుని, కిటికీ మూసి, పొగ హాల్లోకి పోకుండా డోర్ కింద తడి టవల్ కుక్కి, లాక్ నొక్కేసి, జపానికి కూర్చుంది. జాన్యువరీ, బయట మంచు. నేను స్కూల్ నుంచి వచ్చి డోర్ కొట్టా. జపంలో ఉంటే మాట్లాడదు, "ఊఁ" అంటుంది, అంతే. ఆ రోజు ఊఁ లేదు. మళ్ళీ కొట్టా. గట్టిగా తన్నా కూడా. ఏం లేదు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి 911 కొట్టా. మూసిన గదిలో బొగ్గులని చెప్పగానే ఫోనెత్తిన లేడీ గొంతు మారిపోయింది, "హనీ, ఇంట్లోంచి బయటికి వెళ్ళిపో, ఫైర్ ట్రక్ వస్తోంది" అంటోంది. నేనెక్కడికి పోతా? లాక్ తీసే పిన్ డోర్ ఫ్రేమ్ పైన ఉండాలి కదా, లేదు. దుమ్ము దులుపుతూ మేకు అనుకుని నానమ్మే పారేసింది! లైబ్రరీ కార్డ్ సందులో దూర్చా, చెక్క పట్టీ అడ్డం, కార్డ్ ఫట్. నాబ్ మధ్యలో చిన్న కన్నం ఉంటుంది చూడు, దాంట్లో టూత్‌పిక్ పెట్టా, అది విరిగి సగం లోపలే ఉండిపోయింది. గోళ్ళతో లాగి లాగి తీశా. అప్పుడు గుర్తొచ్చింది, నా కూచిపూడి బ్యాగ్‌లో హెయిర్ పిన్స్! ఒకటి చాపి, చివరున్న ప్లాస్టిక్‌ని పళ్ళతో కొరికేసి, నిటారుగా గుచ్చా. తిప్పకూడదురా, నీకూ అదే చెప్తున్నా, తిన్నగా నొక్కు. టక్ మంది.

డోర్ కొంచెమే కదిలింది, టవల్ పట్టేసింది. భుజంతో గుద్దా, గుద్దా. లోపల పొగ కూడా లేదు, అదే భయం, బొగ్గుల విషవాయువు కంటికి కనపడదు, వాసన కూడా రాదు. అంతా క్లీన్. కుంపట్లో నిప్పులు ఎర్రగా, ఆవిడ మంచానికి ఆనుకుని, తల వాల్చి, ఒళ్ళో జపమాల. కిటికీ తోసేసి, చంకల కింద పట్టుకుని హాల్లోకి ఈడ్చా. ఫైర్ వాళ్ళు వచ్చారు, వాళ్ళ గ్యాస్ మీటర్ ఒకటే కూత. అంబులెన్స్‌లో కళ్ళు తెరిచి ఏమందో తెలుసా? "ఎందుకే అన్నిసార్లు పిలిచావ్, నేను ఊఁ అంటూనే ఉన్నా కదా." ఒట్టురా, ఒక్క సౌండ్ కూడా రాలేదు నాకు.

డాడీ ఆ వీకెండే నాబ్ ఊడబీకేశాడు. గుండ్రటి కన్నం మిగిలింది. రోజూ స్కూల్ నుంచి రాగానే దాంట్లోంచి చూసేదాన్ని, నానమ్మ ఛాతీ కదులుతోందా లేదా అని. కదిలితేనే కిందికెళ్ళి తినేదాన్ని. రెండేళ్ళు అంతే. ఆవిడ పోయిన రోజు కూడా చూశా. కూర్చునే ఉంది. కదులుతున్నట్టే అనిపించిందిరా. నేను కిందికెళ్ళి నూడుల్స్ చేసుకుని, టీవీ పెట్టుకుని, డాడీ వచ్చి పైకి వెళ్ళేదాకా అసలు

ఆగు అమ్మ పిలుస్తోంది