జారిన గొడుగు

అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, నాకంటే ముందు మాట్లాడి మంచి మాటలన్నీ ఖర్చు చేసేసిన మిత్రులకు, డ్యూటీ మధ్యలో తప్పించుకొచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ సిస్టర్లకు, పరీక్షలు ముంచుకొస్తున్నా పుస్తకాలు మూసి వచ్చిన విద్యార్థులకు, అందరికంటే ముఖ్యంగా, ఇవాళ రిటైరవుతున్న ఈ మనిషిని ఇన్నేళ్లూ సాయంత్రాలు మాత్రమే భరించి రేపటినుంచి రోజంతా భరించబోతున్న మా చెల్లెమ్మకు నమస్కారం. (నవ్వులు)

చెల్లెమ్మ అంటే ఆయన భార్య. ఆయన నన్ను ‘అన్నా’ అంటాడు కాబట్టి ఆవిడ నాకు మరదలు కావాలి. కానీ ఆవిడ పరిచయమైన మొదటి రోజే ‘అన్నయ్యగారూ’ అనేసింది. దాంతో ఆయన నాకు తమ్ముడో బావో ఇప్పటిదాకా తేలలేదు. తేల్చుకునే తీరిక మా ఇద్దరికీ ఆసుపత్రి ఇవ్వలేదు.

నన్ను ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను. నేను గుండె ఆపరేషన్లు చేసేవాణ్ణి. రిటైరై కొంతకాలమైంది. ఈ ఆసుపత్రిలో నన్ను కత్తి డాక్టరనీ, ఆయన్ను గొడుగు డాక్టరనీ అనేవాళ్లు. మా ముందు కాదు, మేం అటు తిరగ్గానే. ఆయన చేసిన గొడుగు ఎన్ని దేశాలకు వెళ్లిందో, ఎంతమంది గుండెల్లో ఉందో ఇందాక డైరెక్టరు గారు చదివి వినిపించారు. నేను ఆ లెక్కలోకి రాని ఒక్క గుండె గురించి మాట్లాడదామని వచ్చాను. అది నా మనవరాలి గుండె. దానికీ గొడుగు వెయ్యమని నేను బతిమాలాను. ఆయన వెయ్యనన్నాడు. ఎందుకు వెయ్యనన్నాడో చెప్పి దిగిపోతాను.

ముందు ఈ గొడుగు సంగతి. గుండెలో పై గదులు రెండింటి మధ్య ఒక గోడ ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ గోడలో రంధ్రం ఉండిపోతుంది. మూయాలంటే ఒకప్పుడు ఒకటే దారి. ఛాతీ కోసి, గుండెను కాసేపు ఆపి, కుట్టెయ్యాలి. ఆ దారి నాది. మా ఇంట్లో పొయ్యి వెలిగింది దాని మీదే. అలాంటి చోటుకి ఈయన వచ్చాడు. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేట్టు ఉండేవాడు. వచ్చీ రాగానే డాక్టర్లందరం కూర్చున్న గదిలో లేచి నిలబడి, కోయక్కర్లేదండీ, తొడ దగ్గర రక్తనాళంలోంచి ఒక గొట్టాన్ని గుండెదాకా పంపి, దాంట్లో మడిచి పెట్టిన తీగల అల్లికను గోడకు అటొక రెక్క ఇటొక రెక్క విప్పితే చాలు, చొక్కాకి బొత్తాం పెట్టినట్టు రంధ్రం మూసుకుపోతుంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ‘ఇంటి కప్పు కారుతుంటే కప్పు బాగుచేసుకుంటాం గానీ, ఇంట్లో గొడుగు వేసుకుని కూర్చుంటామా?’ అన్నాను. గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. మర్నాటినుంచి తన కాగితాల మీద ఆ పరికరానికి ‘గొడుగు’ అనే పేరే రాసుకున్నాడు. (నవ్వులు) వెక్కిరిద్దామని నేనన్న మాటను దాచుకుని, దానికే పేరుగా పెట్టుకున్నవాణ్ణి ఏం చెయ్యగలం చెప్పండి?

ఆ గొడుగు కోసం ఆయన పడ్డ పాట్లు చెల్లెమ్మ చెప్పాలి. ఆ ఇంట్లో టీ వడపోసే జాలీ ఒక్కటీ బతికి బట్టకట్టలేదు. తీగ తీగకీ ఎలా ముడిపడుతుందో చూద్దామని అన్నీ విప్పేసేవాడు. టీ ఆకులు నములుతూ టీ తాగిన చుట్టాల్లో నేనూ ఒకణ్ణి. ఇక మాంసం కొట్టతను. ఈయన వారం వారం వెళ్లి గుండెకాయలు మాత్రమే కొనుక్కొచ్చి, ఇంటి వెనక నీళ్ల తొట్టిలో పెట్టి గొడుగులు వేసి చూసేవాడు. కొన్నాళ్లకి ఆ కొట్టతను ఉండబట్టలేక ‘ఏం అనుకోకండి సార్, మీ ఇంట్లో వాళ్లకి గుండెకాయ తప్ప ఇంకేదీ సయించదా?’ అని అడిగాడట. (నవ్వులు)

సరే, గొడుగు తయారైంది. మనుషులకు వేసే రోజు వచ్చింది. అప్పుడు ఆసుపత్రి ఒక నియమం పెట్టింది. ఈయన లోపల గొడుగు వేస్తున్నంతసేపూ ఒక సర్జను మోచేతులదాకా చేతులు కడుక్కుని బయట సిద్ధంగా నిలబడాలి. ఏదైనా తేడా వస్తే క్షణాల్లో లోపలికెళ్లి కోయాలి. ఆ సర్జను ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. కడిగిన చేతులు ఛాతీ ముందు ఎత్తి పట్టుకుని, దేన్నీ తాకకుండా, ముక్కు దురద పెడితే ఆ దురదను అలాగే ఓర్చుకుంటూ, నా అన్నం లాక్కోవడానికి వచ్చినవాడికి కాపలా కాసేవాణ్ణి నేను. పని అయిపోగానే ఆయన తలుపు తోసుకుని వచ్చి, ‘చేతులు తుడుచుకో అన్నా’ అనేవాడు. అంతే. ఆ మాట వినగానే లోపలున్న మనిషి బాగున్నట్టు. నా అవసరం లేనట్టు. మొదట్లో ఆ మాటకు నాకు చిర్రెత్తేది. పోనుపోను, ఆ మాట వినేదాకా ఊపిరాడేది కాదు.

ఒక రోజు ఆయన తలుపు తోసి ఆ మాట అనలేదు. ‘అన్నా, రా’ అన్నాడు.

గొడుగు జారింది. గోడను వదిలి గుండె కింది గదిలోకి పడిపోయింది. ఆ రోజు లోపల బల్ల మీదున్న అమ్మాయి బట్టలు కుట్టే మనిషి. కొత్తగా పెళ్లయింది. నేను కోసి, గొడుగు బయటికి తీసి, రంధ్రం కుట్టాను. బతికింది. బతకడమేమిటి, అదిగో, కిటికీ పక్కన కూర్చుని నన్ను ఇక చాలించమన్నట్టు చూస్తోంది. ఇవాళ ఈయన వేసుకున్న కోటు ఆవిడ కుట్టిందే. భుజాల దగ్గర కాస్త వదులైందమ్మా, సరిచెయ్యాలి. (నవ్వులు)

ఆ రోజు నేను చేతి తొడుగులు విప్పుకునేలోపే ఈయన బయటికెళ్లి ఆమె భర్త ముందు నిలబడ్డాడు. ‘నేను చేసిన పరికరం జారిపోయింది. మీ ఆవిడ గుండెలో తప్పేం లేదు. తప్పు నాది’ అన్నాడు. అలాంటప్పుడు మేం వాడే గుండ్రటి మాటలు చాలా ఉంటాయి. ఒక్కటీ వాడలేదు. ఎందుకు జారిందో తేలేదాకా ఇంకెవరికీ వెయ్యనని అప్పటికప్పుడు ఆపేశాడు. గొడుగులు తయారుచేసే కంపెనీవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ‘ఇంతమందిలో ఒక్కటే కదా సార్ జారింది’ అన్నారు. ‘ఆవిడకి కూడా గుండె ఒక్కటేనండీ’ అన్నాడు.

నేను ఆ జారిన గొడుగును కడిగి, స్టీలు గిన్నెలో పెట్టి ఆయనకిచ్చాను. పారేస్తాడనుకున్నాను. కాదు, దాచుకుని రహస్యంగా చూసుకుంటాడేమో అనుకున్నాను. అదీ కాదు. తీసుకెళ్లి తన బల్ల మీద, వచ్చినవాళ్లకి ఎదురుగా పెట్టాడు. కొత్త గొడుగు తయారై, జారకుండా నిలిచి, దేశదేశాల డాక్టర్లు నేర్చుకోవడానికి వచ్చి ఇక్కడి వరండాల్లో బారులు తీరిన రోజుల్లో కూడా అది అక్కడే ఉంది. ఎవరికి వెయ్యాలన్నా ముందు వాళ్లింటివాళ్లని పిలిచి, దాన్ని చేతిలో పెట్టేవాడు. ‘ఇది నేను చేసిందే. ఇది జారింది. మీకు వేసేది ఇది కాదు. కానీ చేసినవాణ్ణి నేనే. ఆలోచించుకుని చెప్పండి’ అనేవాడు. పెద్ద పెద్ద సభల్లో తెర మీద మొట్టమొదట వేసే బొమ్మ కూడా అదే. కంపెనీవాళ్లు తలలు పట్టుకునేవాళ్లు. చెడిపోయిన సరుకును దుకాణం ముందు వేలాడదీసుకుని వ్యాపారం చేసినవాణ్ణి నా జీవితంలో ఈయన్నొక్కణ్ణే చూశాను.

విద్యార్థులకు ఒక మాట. మీ ఆచార్యుల పేరు మీద ఉన్న పరిశోధనా పత్రాలు మీరు చదివే ఉంటారు. నేను చదవలేదు, నాకు నిద్రొస్తుంది. (నవ్వులు) కానీ ఒకటి చూశాను. తెర మీద గుండె కనపడగానే ఈయన చేతులు ఒక్క క్షణం ఆగిపోతాయి. ‘చూడన్నా, ఎలా కొట్టుకుంటోందో! ఎవరూ చెప్పకుండానే!’ అంటాడు. కొన్ని వేల గుండెలు చూసినవాడు. మొదటి గుండె చూసినప్పుడు ఎలా అన్నాడో, పోయిన వారం చివరి కేసులోనూ అలాగే అన్నాడని టెక్నీషియన్ చెప్పాడు. నాకు ఆ ఆశ్చర్యం మూడో ఏడాదికే అరిగిపోయింది. ఈయనకు అరగలేదు. దాన్ని ఎలా కాపాడుకున్నాడో నాకు నిజంగా తెలియదు. మీకు దొరికితే నేర్చుకోండి.

ఇప్పుడు నా మనవరాలి సంగతి.

ఒకటో తరగతి. బళ్లో పిల్లలతో పరిగెడితే ఆయాసపడుతోందని మా అమ్మాయి తీసుకొచ్చింది. స్టెత్ పెట్టాను. జీవితమంతా పరాయి పిల్లల ఛాతీ మీద విన్న చప్పుడు మా ఇంట్లో వినిపించింది. దాని చేయి పట్టుకుని నేరుగా ఈయన గదికి తీసుకెళ్లాను. ఈయన పిల్లను నవ్వించాడు, పరీక్ష చేశాడు, దాన్ని వాళ్లమ్మతో బయటికి పంపాడు. పంపి, బల్ల మీద ఉన్న ఆ జారిన గొడుగు తీసి నా చేతిలో పెట్టాడు.

‘ఒరేయ్, దీన్ని బయటికి తీసింది నేనేరా’ అన్నాను.

‘తెలుసన్నా. ఇవాళ నువ్వు పిల్ల తాతవి. తాతకి చూపించాలి కదా’ అన్నాడు.

మర్నాడు లోతుగా స్కాను తీశాడు. తెర నావైపు తిప్పాడు. రంధ్రానికి పైవైపు అంచే లేదు. గొడుగు రెక్క ఆనుకోవడానికి గోడ ఉండాలి. అక్కడ గోడ లేదు. అది ఇంకెవరి పిల్ల స్కాను అయినా నేను దూరంనుంచే చూసి ‘కోయాలి’ అనేవాణ్ణి. ఆ రోజు నా నోటినుంచి ఏం వచ్చిందో తెలుసా? ‘పెద్ద సైజుది వేసి చూడరా. నీ చేతిలో జారదు’ అన్నాను. నేనండీ! గొడుగు అనగానే నవ్వినవాణ్ణి. ఆ చిన్న ఛాతీ మీద గాటు పెట్టడం తలుచుకోగానే నేను చదివిన చదువంతా మర్చిపోయాను.

ఈయన ‘ఆ కుట్టుపనావిడ విషయంలో నేనూ అదే అనుకున్నానన్నా, నా చేతిలో జారదని’ అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ‘నీ మనవరాలైతే కోయిస్తావా?’ అని అరిచాను. బయటున్న మా అమ్మాయికి కూడా వినపడింది.

‘నా మనవరాలైతే తిన్నగా మీ థియేటరుకే తెచ్చేవాణ్ణి’ అన్నాడు.

మంచినీళ్లు ఇస్తారా, ఎవరైనా... థాంక్సమ్మా.

ఈయన గురించి పొగడ్తలు ఇవాళ చాలా విన్నారు. ఒక వస్తువు కనిపెట్టడం గొప్పే. కానీ దాని కోసం జీవితమంతా ధారపోసినవాడు, మాట మాటకీ దాన్ని వెక్కిరించిన కత్తి డాక్టరు తనంతట తాను వచ్చి ‘నీ గొడుగే కావాలి’ అని కాళ్లావేళ్లా పడుతున్నప్పుడు, ‘ఇక్కడ నాది పనికిరాదు, నీదే పనికొస్తుంది’ అని చెప్పడం ఉందే, అది నేను చెయ్యగలిగేవాణ్ణా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. చెయ్యలేకపోయేవాణ్ణనే అనిపిస్తోంది.

నా శిష్యురాలు, ఇప్పుడు మా విభాగానికి పెద్ద, వేదిక మీదే ఉంది, ఆవిడే ఆపరేషన్ చేసింది. నేనూ లోపలికి రాబోతే ‘మీరు ఇవాళ తాతగారు సార్, బయటుండండి’ అని తలుపు వేసింది. నా దగ్గరే నేర్చుకుని నా మీదే ప్రయోగించింది. వరండాలో కూర్చోలేక, చేతులు కడుక్కునే గది వైపు నడిచాను.

అక్కడ ఈయన ఉన్నాడు. టోపీ, మాస్కూ వేసుకుని, మోచేతులదాకా కడుక్కుని, చేతులు రెండూ ఛాతీ ముందు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. మోచేతులనుంచి నీళ్లు కారుతున్నాయి.

‘నీకిక్కడ ఏం పనిరా?’ అన్నాను. నిజంగానే ఏ పనీ లేదు. లోపల ఏదైనా తేడా వస్తే గొడుగు డాక్టరు చెయ్యగలిగిందేమీ ఉండదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

‘ఏం లేదన్నా. ఊరికే కూర్చోలేకపోయాను’ అన్నాడు.

పొరపాటున మోచెయ్యి గోడకు తగిలింది. మళ్లీ మొదటినుంచీ కడుక్కున్నాడు. మళ్లీ ఎత్తి పట్టుకున్నాడు. సిస్టర్ కుర్చీ తెచ్చింది. కూర్చోలేదు. అలాగే, ఎవరికీ అక్కర్లేని చేతులతో, ఆపరేషన్ జరిగినంతసేపూ నిలబడ్డాడు. ఇన్నేళ్లూ నేను అలా నిలబడి ఈయనకు ఏమిచ్చానో ఆ రోజు అర్థమైంది. అది నాకు ఎంత అవసరమో కూడా.

చివరికి తలుపు తెరుచుకుంది. నా శిష్యురాలు మాస్కు కిందికి లాగి, ‘కుట్టేశాం సార్. తనంతట తనే కొట్టుకుంటోంది’ అంది. నేను ఈయనవైపు తిరిగాను. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. కళ్లు తుడుచుకోవాలన్నా వీల్లేక మాస్కు మీదుగా కారనిస్తున్నాడు. అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటుంది. మీ అందరికీ తెలుసు. అనలేకపోయాను.

అదిగో, మూడో వరుసలో కాళ్లూపుకుంటూ, ‘ఇక చాలు తాతయ్యా’ అని సైగలు చేస్తున్న పిల్ల అదే. దాని ఛాతీ మీద గీత ఉంది. బళ్లో దాన్ని ‘జిప్పు’ అని చెప్పుకుని గొప్పలు పోతోందట. ఇప్పుడు పరుగు పందెంలో దాన్ని పట్టుకోవడం మా అమ్మాయి వల్ల కావడం లేదు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ, నన్ను మాట్లాడనిచ్చిన డైరెక్టరు గారికి, ఈ మనిషిని మాకు ఇంతకాలం ఇచ్చిన చెల్లెమ్మకు కృతజ్ఞతలు. ఒక్క మాట చెప్పుకుని దిగిపోతాను. అది మీక్కాదు.

ఇటు చూడు. లోపల అంతా బాగుంది. నువ్వు నేర్పిన పిల్లలు చూసుకుంటున్నారు. ఇక నిలబడక్కర్లేదు. చేతులు తుడుచుకో, తమ్ముడూ.

మా ఇద్దరికీ సెలవిప్పించండి.