నల్ల మెడలు ఐదు

హలో… ఆ, నేనేనమ్మీ, అత్తని. తొమ్మిదింపావుకి పని అయిపోయింది. ఐదు బాజు చొక్కాలూ ఇస్త్రీ సేసి సంచీలో పెట్టినాను. మీ కాలేజీకి వచ్చే బస్సు కోసం బంటింగ్ బస్టాండులో ఉన్నాను లా…

ఆ, నువ్వు సెప్పినట్టే. నల్లగా, మధ్యలో…

మాటలా? ఏ మాటలు? … నేను కుట్టింది మెడలు! నల్ల మెడపట్టీలు…

అరవకే. నీ వాయిస్ మెసేజి నా ఫోన్లోనే ఉంది. ‘అత్తా, నల్ల గొంతులు మధ్యలో పెట్టు’ అన్నావు… మోచేతిని మోకాలనే పిల్లవి నువ్వు. మెడని గొంతన్నావనుకున్నాను… మధ్యలో అని ఎందుకు సెప్పిందా అని నవ్వుకున్నాను కూడా. ముప్పై ఏళ్లుగా కుడతన్నాను, మెడని పక్కకి ఎవులు పెడతారే?

… ఓ. గొంతులంటే ఆఫ్రికా పిల్లలు సెప్పిన మాటలా. బాజుల మీద దారంతో కుట్టాలా…

ఆ మాటలు రాసింది నువ్వు గుడ్డతో పంపిన ఇంగ్లీషు కాయితం మీదా? కాలేజీ రూల్సు అనుకున్నాను… దాని మీదే మెడ గీసి కత్తిరించినాను.

ఏడవకు, ప్రియా. నిదానంగా సెప్పు… మీ క్లాసు నైజీరియా పిల్ల, అమాకా… ఊఁ… వాళ్ల దేశాల కుట్టు గురించి మీ ఫ్యాషన్ పుస్తకంలో ఒక్క పేజీయా? కుట్టినోళ్ల పేర్లు కూడా లేవా?… అదంతా స్టేజి మీద సెప్పుకోడానికి ఏడాదిన్నర అడిగితే కాలేజీవోళ్లు ఇయ్యాల ఒక్క గంట ఇచ్చినారు. రెండు నుంచి మూడు… ఇది పాడైతే మళ్లీ ఇయ్యరు.

ఎవులే ఆ నవ్వేది? … అమాకాయా? ఇయ్యి, ఇయ్యి.

అపా ఖబర్, బాగున్నావా అమాకా! … రత్నావతి. నువ్వూ అత్తా అను… మీ అమ్మా టైలరేనా! … మాఫ్ లా, తప్పు నాదే… కాదా? … మాటలు బాజు మీద కుట్టేస్తే మీరు నోరు మూసుకుని నిలబడాలి. అదీ నిజమే… మీరే సెప్తారా, ఐదుగురూ? … మరి అడ్డమేటి? … మధ్యలో హెడ్ మేడమ్ స్పీచి, ఇరవై నిమిషాలు… అది మీకియ్యమని అడుగు. నేను లైన్లోనే ఉంటాను.

ప్రియా, ఆ పిల్ల మలాయి భాష నీ తెలుగు కన్నా బాగుందే… ఏటి, నా మలాయి కన్నానా?

… అమాకా వచ్చిందా? ఏటన్నాది మేడమ్? … స్పీచి ఆఖర్న… ఐదు నిమిషాలే… ఏదీ, మళ్లీ సెప్పు. రెండూ ఇరవై నుంచి రెండూ నలభై, అమాకా వాళ్లు. కాయితం మీద రాసిచ్చినాదా? … సంతకం?

మంచిది. క్లాంగ్ బస్సు వచ్చింది… ఎక్కినాను. సంచీ ఒళ్లోనే ఉంది. పెట్టేస్తన్నాను.